లేనివాణ్ణి లేవా అని అడిగిన అచ్చిబాబు

అచ్చిబాబు తాళం కప్పను నమ్మడు. కువైట్‌లోని సబా అల్ సలేం పేటలో మూడో అంతస్తులో ఉన్న తన ఇంటికి తాళం వేసి, మూడుసార్లు లాగి చూసి, మెట్లన్నీ దిగి కారు దాకా వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి ఆలోచించి, మళ్లీ పైకెక్కి నాలుగోసారి లాగి వస్తాడు. గ్యాసు కట్టేశాడో లేదో చూడ్డానికి వంటింట్లోకి వెళ్లి, చూసి బయటికొచ్చి, తను చూసిన మాట నిజమేనా అని చూడ్డానికి మళ్లీ వెళ్తాడు. పెళ్లిచూపుల్లో “నేను మీకు నచ్చానా అండీ” అని మూడుసార్లు అడిగాడనీ, మూడోసారికి అమ్మాయి కాస్త సందేహంలో పడిందనీ అత్తవారి వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంబాజీపేటలో పుట్టి, అమలాపురంలో ఫిజిక్సు డిగ్రీ చేసి, కాకినాడలో ఎంసీఏ చదివి, 2005లో కువైట్ వచ్చాడు. షర్క్‌లో, చేపల మార్కెట్టుకి రెండు వీధుల ఇవతల ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం. ఇంట్లో అందరూ జబ్బు అన్న గుణాన్ని ఆ ఆఫీసులో జాగ్రత్త అన్నారు. అందుకే అతనికి లైబ్రరీ రాసే పని అప్పగించారు.

లైబ్రరీ అంటే పుస్తకాలుండేది కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్లందరికీ పదే పదే పనికొచ్చే ముక్కల్ని ఒకడు ఒకచోట రాసిపెడతాడు, మిగతావాళ్లు వాటిని తీసుకుని తమ ప్రోగ్రాముల్లో కలుపుకుంటారు. పెళ్లి వంటలకి పొడులు దంచి పంపే మనిషి పని లాంటిది. ఎవరు ఏ గుండిగలో ఎంత వేస్తున్నారో అతనికి కనపడదు. ఎక్కడ పులుసు చెడినా అందరూ వచ్చి పొడి మీద పడతారు.

ఈ పనిలో అచ్చిబాబుకి ఉన్న ఒకే ఒక్క శత్రువు నల్. ప్రోగ్రాము ఫలానా మనిషి రికార్డు కావాలని అడుగుతుంది. ఉంటే, ఆ రికార్డు ఎక్కడుందో రాసిన చీటీ చేతికొస్తుంది. లేకపోతే ఏమీ రాయని ఖాళీ చీటీ వస్తుంది. ఆ ఖాళీ చీటీయే నల్. చీటీ ఖాళీయా కాదా అని చూసుకోకుండా, “ఏవయ్యా, నీ పేరేంటి” అని పలకరించిందా, ప్రోగ్రాము అక్కడికక్కడే కూలబడుతుంది. ఎదురుగా మనిషే లేడు మరి.

కాబట్టి అచ్చిబాబు తన లైబ్రరీలో ఎవరి చీటీ ఎక్కడ చేతికొచ్చినా, ముందు అది ఖాళీయా అని చూసే లైను ఒకటి పెట్టాడు. అలాంటివి మూడువందల పన్నెండు. ఆఫీసు ప్రోగ్రాముల్ని ఊరంతా తిరిగి క్లినిక్కుల్లో, దుకాణాల్లో ఎక్కించి వచ్చే మాబు, కడప వైపు మనిషి, ఒకసారి ఆ తెర చూసి అన్నాడు.

“అచ్చిబాబన్నా, నీ లైబ్రరీలో పని కంటే అనుమానం ఎక్కువుండాదే.”

“అనుమానం ఉండబట్టే పని జరుగుతోందయ్యా మాబూ,” అన్నాడు అచ్చిబాబు. ఆ మాట మీద అతనికి నిజంగానే గర్వం.

2009 ఫిబ్రవరి చివర్లో మేనేజరు హమ్దీ ఒక పని చెప్పాడు. హమ్దీ ఈజిప్టు మనిషి. పొట్టి మెడ, పొడుగు వాక్యాలు. ఫర్వానియాలో తమ ప్రోగ్రాము వాడే ఒక ప్రైవేటు క్లినిక్కులో ఒకే మనిషికి రెండు కౌంటర్లలో రెండు ఫైళ్లు తెరిచేస్తున్నారట. ఈ రెండు రికార్డులూ ఒకే మనిషివి అని లైబ్రరీయే పట్టుకోవాలి.

అచ్చిబాబు శ్రద్ధగా ఆలోచించి ఒక నియమం రాశాడు. ఎవరైనా ఇద్దరి మధ్య రెండు సమాన గుర్తులు పెట్టి ‘వీళ్లిద్దరూ ఒకటేనా’ అని అడిగితే, ఇకనుంచి లైబ్రరీ మొదటివాణ్ణి బతాకా చూపించమని అడిగి, ఆ నంబరు రెండోవాడి దగ్గరా ఉందేమో చూస్తుంది. బతాకా అంటే కువైట్‌లో ప్రతి మనిషి జేబులో ఉండే గుర్తింపు కార్డు. నంబర్లు కలిస్తే ఒకే మనిషి, లేకపోతే ఇద్దరు. చక్కగా పనిచేసింది. పదిమందిని పదిమందితో పోల్చి చూశాడు. పదకొండో మనిషితో పోల్చేలోపు ఫోను వచ్చింది. భార్య సత్యదుర్గకి నొప్పులు మొదలయ్యాయి.

కొడుకు పుట్టాడు. మూడు కిలోల వంద గ్రాములు. అచ్చిబాబు నర్సుని బతిమాలి రెండోసారి తూయించాడు.

పిల్లాడికి పేరు లేదు. ఇరవై ఒకటో రోజున గాని పేరు పెట్టరు. ఆ లోపు నక్షత్రం చూసి ఏ అక్షరం రావాలో అంబాజీపేట నుంచి పంతులుగారు చెప్పాలి, దాన్నిబట్టి ఇంటి పెద్దలు ఒక పేరుకి రావాలి, అప్పుడు ఫోనులో ఇక్కడికి రావాలి. అందాకా ఒక్క పేరు కూడా నోట అనకూడదని సత్యదుర్గ శాసనం. ఆమెది ముమ్మిడివరం. ఇలాంటి విషయాల్లో ఆమెతో వాదించి గెలిచిన మగవాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు, లేదా పుట్టి కొద్ది రోజులే అయింది.

కింద అంతస్తుల్లో ఇంటి యజమానురాలి కుటుంబం ఉంటుంది. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి సిద్ధమ్మ, రాయచోటి దగ్గర పల్లె. యజమానురాలిని ఆమె మామా అంటుంది. మామా పిల్లలు ఆరుగురూ సిద్ధమ్మ చేతుల్లోనే పెరిగి, ఇప్పుడు ఆమె కంటే రెండింతలయ్యారు. పైన చంటిబిడ్డ ఏడుపు విని మామాయే సిద్ధమ్మని రోజూ పొద్దున రెండు గంటలు పైకి పంపడం మొదలుపెట్టింది.

వచ్చిన మొదటిరోజే సిద్ధమ్మ ఇంట్లో ఉయ్యాల లేదని తిట్టి, గది గుమ్మానికి అడ్డంగా ఇనుపకమ్మీ బిగించి, సత్యదుర్గ పాత నూలుచీర ఒకటి దానికి కట్టింది. అచ్చిబాబు ఆ కమ్మీకేసి చాలాసేపు చూశాడు. తర్వాత వంటింట్లోంచి పాతిక కిలోల బియ్యం సంచీ మోసుకొచ్చి ఉయ్యాల్లో పెట్టి ఊపడం మొదలుపెట్టాడు.

“ఏం నాయనా, బియ్యానికి జోల పాడాల్నా?” అంది సిద్ధమ్మ.

“బరువు ఆగుతుందో లేదో చూస్తున్నానండి.”

“బిడ్డ మూడు కిలోలుండాడు. ఎన్నేండ్ల దంకా ఈ ఉయ్యాల్లోనే పండబెడతావ్?”

సైన్సు చదివినవాడు కాబట్టి ఎనిమిదింతల భద్రత అన్న లెక్క ఆమెకి చెప్పబోయాడు. ఆమె సంచీ దించి తీసుకుపోయింది.

ఆ తర్వాత అతనికి కొత్త జబ్బు పట్టుకుంది. చీర ఉయ్యాల్లో పడుకున్న పిల్లాడు పైకి కనపడడు. చీర మడతలు రెండువైపులా మూసుకుని ఉంటాయి. అచ్చిబాబు పది నిమిషాలకోసారి పిల్లిలా వెళ్లి, మడతల దగ్గర నోరు పెట్టి, “నాన్నా, పడుకున్నావా” అని అడిగేవాడు. పిల్లాడు లేచి ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. అచ్చిబాబు తృప్తిగా వెళ్లిపోయేవాడు.

“పడుకున్నోణ్ణి పడుకున్నావా అని అడిగితే లెగుస్తాడండీ,” అనేది సత్యదుర్గ. “ఊరికే చూసి రావచ్చు కదా?”

“ఊరికే చూస్తే ఎలా తెలుస్తుంది దుర్గా? జవాబు రావాలి.”

పిల్లాడి పద్నాలుగో రోజు మంగళవారం. పొద్దున పదింటికి మాబు ఫర్వానియా క్లినిక్కు నుంచి నేరుగా ఆఫీసుకొచ్చి, అచ్చిబాబు బల్ల మీద హెల్మెట్టు పెట్టాడు.

“అన్నా, నీ లైబ్రరీ చంటిబిడ్డల్ని చూస్తే సచ్చాండాది.”

“ఏంటయ్యా నువ్వనేది?”

“పెద్దోళ్లొచ్చే బాగుంటాది. పురిటిబిడ్డని ఎత్తుకోనొచ్చి, తల్లి ఫైలు నంబరు కొడతానే, ఢామ్మని పడిపోతాది. కౌంటర్లో జులేఖా అని మా రాయచోటి పిల్లే ఉండాది. ఆ పిల్ల తిట్లు నీకు చెప్పలేనులే, పిల్లల తండ్రివి.”

అంతలో హమ్దీ గదిలోంచి పిలుపు వచ్చింది.

హమ్దీ ఆ రోజు పొడుగు వాక్యాలు మాట్లాడలేదు. అదే అచ్చిబాబుని భయపెట్టింది.

“అచ్చీ. ఫర్వానియా క్లినిక్కు డాక్టరమ్మ నాకు ఫోను చేసింది. ఏది లేదో ప్రోగ్రాము నాకు చెప్పాలి గాని, లేదని తెలియగానే చచ్చిపోకూడదు అంది. ఆదివారం దాకా ఆగుతుందట. తర్వాత కాగితాలకే వెళ్లిపోతుందట. ఆ క్లినిక్కు పోతే నాకు లైబ్రరీ అక్కర్లేదు.” చేతిలో ఫోను బల్ల మీద పెట్టాడు. “నీ ఇఖామా ఎప్పటిదాకా ఉంది?”

“ఈ నెలాఖరు దాకా సర్.”

“ఆదివారం పొద్దున నేనే క్లినిక్కుకి వస్తాను. కౌంటర్లో అమ్మాయి ప్రోగ్రాము బాగుందంటే అక్కడే నీ కాగితం మీద సంతకం పెడతాను. బాగా లేదంటే,” హమ్దీ రెండు చేతులూ దులుపుకున్నాడు, “ఖలాస్.”

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం. అచ్చిబాబు ఇఖామా మీదే సత్యదుర్గ ఇఖామా నిలబడి ఉంది. పిల్లాడికైతే ఇంకా ఏ కాగితమూ లేదు, వాడిదీ దీనిమీదే నిలబడాలి. ఇది పోతే నెలాఖరులోగా ముగ్గురూ విమానం ఎక్కాలి. ఇంకో ఉద్యోగం దొరికి తను తిరిగొచ్చినా, వాళ్లిద్దరినీ మళ్లీ తెచ్చుకోవడానికి ఏడాది పట్టొచ్చు. ఏడాదికి పిల్లాడు నడుస్తాడు. మొదటి పన్ను వస్తుంది. అది వచ్చిందో లేదో అచ్చిబాబు ఫోనులో అడగాలి.

బల్ల దగ్గరికొచ్చి తప్పు ఎక్కడుందో చూశాడు. చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ప్రోగ్రాము తల్లి ఫైలు తీసి, ‘ఈమెకి బిడ్డ నమోదై ఉన్నాడా’ అని లైబ్రరీని అడిగింది. లేడు గనుక ఖాళీ చీటీ వచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాతి లైను అచ్చిబాబు స్వయంగా పెట్టినది. ఈ చీటీ ఖాళీయా అని చూసేది. సరిగ్గా ఆ లైను మీదే కూలింది. తాళం పడిందో లేదో అని లాగి చూస్తే తలుపు ఊడి చేతిలోకి వచ్చినట్టుంది.

బుధవారం మధ్యాహ్నానికి సగం అర్థమైంది. చీటీ ఖాళీయా అని చూసే ఆ మూడువందల పన్నెండు లైన్లలోనూ అతను వాడింది రెండు సమాన గుర్తులే. ఈ చీటీ, ఖాళీ చీటీ ఒకటేనా అని. ఇదివరకు ఆ ప్రశ్నకి ప్రోగ్రాము రాసే భాషే జవాబు చెప్పేది. చీటీ వైపు ఒకసారి చూసి ఊరుకునేది. ఫిబ్రవరిలో అతను కొత్త నియమం రాసినప్పటినుంచీ రెండు సమాన గుర్తులు ఎక్కడ కనపడ్డా ప్రశ్న ఆ నియమం దగ్గరికి పోతోంది. నియమం మొదటివాణ్ణి బతాకా చూపించమంటోంది. చీటీలో పెద్దవాళ్లుంటే బతాకా తీస్తారు, అవతలి ఖాళీ చీటీలో ఆ నంబరు లేదని తేలిపోతుంది. లేనివాడు బతాకా ఎక్కణ్ణుంచి తీస్తాడు?

“సరే, నియమంలోనే జాగ్రత్త పెడితే పోతుంది,” అనుకున్నాడు. నియమం మొదట్లో ఒక లైను చేర్చాడు. బతాకా అడిగే ముందు, ఇద్దరిలో ఎవరైనా ఖాళీ చీటీతో సమానమా అని చూడు. రెండు సమాన గుర్తులు పెట్టే చూడు.

ఆ లైనుని పదకొండుసార్లు చదివాడు. నడిపి చూద్దామని మీట మీద వేలు పెట్టేసరికి సత్యదుర్గ ఫోను చేసి పిల్లాడికి ఎక్కిళ్లు వస్తున్నాయంది. ఎన్ని వచ్చాయి, మధ్యలో ఎన్ని సెకన్లు ఆగుతున్నాయి అని అడిగి, జవాబులు కాగితం మీద రాసుకుని, పెన్‌డ్రైవు మాబు చేతిలో పెట్టి ఇంటికి పరిగెత్తాడు. చదివినవి పదకొండుసార్లు. నడిపినది ఒక్కసారి కూడా లేదు.

గురువారం పన్నెండింటికి క్లినిక్కు నుంచి మాబు ఫోను.

“అన్నా, ముందు సచ్చేటప్పుడు ఎందుకు సచ్చాండానో చెప్పి సచ్చేది. ఇప్పుడు సప్పుడు ల్యాకుండా మాయమైపోతాండాది.”

“చంటిపిల్లలకేనా?”

“చంటిపిల్లలేంది, అరవై ఏండ్ల ముసలాయనకి గూడా. ఇదో, జులేఖా మాట్లాడతాదంట.”

“అన్నా, సలాం,” అంది ఒక ఆడగొంతు, చాలా మర్యాదగా. “ఈడ ఇరవైమంది కూచోనుండారు. తెర మీద ఏం ల్యా. నేను, నా మౌసు, అంతే. మీ ఇంట్లో గూడా పని చెప్తే మీరిట్లే మాయమైపోతారా అన్నా?”

అచ్చిబాబు కూడా మాయమైనంత పని చేశాడు. పాత ముక్కనే మళ్లీ ఎక్కించమని మాబుకి చెప్పి ఫోను పెట్టేశాడు.

శుక్రవారం సెలవు. పొద్దున ఏడింటికే ముందుగదిలో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. ప్రోగ్రాము ఎందుకు మాయమవుతోందో అతని బుర్రకెక్కడం లేదు. ఖాళీయా అని అడగమన్నాను. అడిగితే తప్పేముంది? కావాలంటే ఇంకో చోట కూడా అడుగుదాం. అడిగాడు. ఇంకా తొందరగా మాయమైంది.

“కాఫీ చల్లారిపోతందండీ,” అంది సత్యదుర్గ పక్కగదిలోంచి. ఆమె పడుకుని ఉంది. “ఏం, ఉద్యోగం ఉంటదా?”

“చూస్తున్నా.”

“మీరు చూస్తున్నాననకండి. నాకు బయ్యమేస్తది.”

ఆ తర్వాత ఆమె లేచి కూర్చుంది. “అమ్మావాళ్లకి ఫోను చేసి చెప్పనా, వచ్చేస్తున్నామని?” అంది నెమ్మదిగా. “వేళాకోళానికి కాదండీ. చెప్తే గది సర్దుతారు కదా.”

అచ్చిబాబు ఆదివారం దాకా ఆగమన్నాడు. తెరలో అక్షరాలు కాసేపు మసకగా కనపడ్డాయి. లేచి, అలవాటు ప్రకారం ఉయ్యాల దగ్గరికి వెళ్లాడు. చీర మడతల దగ్గర నోరు పెట్టాడు.

“నాన్నా, పడుకున్నావా?”

ఏడుపు లేదు. ఇంకాస్త గట్టిగా అడిగాడు.

“నాన్నా, ఉన్నావా?”

చీర కదల్లేదు. అచ్చిబాబుకి మడతలు విప్పి చూడ్డానికి చెయ్యి రాలేదు. చూస్తే ఏం కనపడుతుందో అని.

“నాన్నా, లేవా? పోనీ లేనని చెప్పు నాన్నా!”

గుమ్మంలోంచే పక్కగది వైపు తిరిగి, “దుర్గా, పలకట్లేదే వీడు,” అన్నాడు.

“పదిహేడు రోజుల పిల్లోడు పలుకుతాడేంటండీ?”

“ఏడవట్లేదు కూడా. అడిగాను, ఉన్నావా అంటే పలకడు, లేవా అంటే పలకడు.”

వంటింటి అవతలి స్నానాలగది తలుపు తెరుచుకుంది. సాంబ్రాణి పొగ, ఆ వెనకే సిద్ధమ్మ, ఆమె చేతుల్లో తువ్వాలు చుట్టిన కొడుకు వచ్చారు. తలకి నూనె పెట్టుకుని, ఎర్రగా తోమించుకుని, సగం నిద్రలో ఉన్నాడు వాడు. తండ్రి తెరకేసి చూస్తూ ఉండగా ఆమె అరగంట క్రితమే వచ్చి, బిడ్డని తీసుకుపోయి నీళ్లు పోసింది.

“ఎవుర్ని పిలచ్చాండావ్ నాయనా, బిడ్డ ఈడుంటే?”

అచ్చిబాబు ఆమె వైపు, ఖాళీ ఉయ్యాల వైపు మార్చి మార్చి చూశాడు.

“ల్యానోన్ని పట్టుకోని ల్యావా అని అడుగుతాండావే, ఏం చెప్తాడు?” అంది సిద్ధమ్మ. “ల్యానని చెప్పల్లంటే మల్లా వాడు ఆడ ఉండాల గదా?”

“అయితే ఎలా తెలుసుకోవాలండి?” అచ్చిబాబు నిజంగానే అడిగాడు.

“ఉయ్యాల సూడు. బిడ్డుంటే బరువుకి కిందికి దిగి నిండుగా ఉంటాది. ల్యాకుంటే పైకి లేసి యాలాడతా ఉంటాది. బిడ్డని అడిగే పనేముండాది? పిలచ్చే ఉన్నోడు నిద్ర లేచ్చాడు, ల్యానోడు ఎట్లా పలకడు. రెండిట్లా నీకేం లాభం ల్యా. మామా బిడ్డల్ని ఆర్మందిని ఇట్లే సూసినా. ఒక్కర్ని గూడా నిద్ర లేపలా.”

ఆమె వాణ్ణి ఉయ్యాల్లో వేసింది. చీర కిందికి దిగి నిండుగా బిగుసుకుంది. వేలాడే చీరకీ ఈ చీరకీ తేడా గుమ్మం అవతలనుంచి కూడా తెలుస్తోంది.

అచ్చిబాబు అక్కడే నిలబడిపోయాడు. ఖాళీయా అని తెలుసుకోవడానికి అతను నియమాన్ని పిలిచాడు. నియమం తన మొదటి పనిగా ఖాళీయా అని అడగబోయింది. అడగాలంటే రెండు సమాన గుర్తులు కావాలి, వాటికి మళ్లీ నియమాన్నే పిలవాలి. ఆ నియమం మళ్లీ తన మొదటి పనిగా. అలా తనని తనే పిలుచుకుంటూ, ఒక్కసారి కూడా బతాకా దాకా రాకుండా, ఊపిరాడక మాయమైపోతోంది. పాపం అది చీటీకేసి ఒక్కసారి కూడా చూడలేదు. చూడమని అతను చెప్పనే లేదు. అడగమని చెప్పాడు.

“సిద్ధమ్మ గారూ, ఇందాక అన్నది మళ్లీ అనండి.”

“ఏందనాల? యాలాడతా ఉంటాదనా?”

“ఆయ్, అదే,” అంటూ ల్యాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తాడు.

ఊరికే చూసే మార్గం భాషలో మొదటినుంచీ ఉంది. రిఫరెన్స్ ఈక్వల్స్ అంటారు. అది మనిషిని పలకరించదు, బతాకా అడగదు, ఎవరి నియమాన్నీ పిలవదు. చీటీ మీద రాత ఉందా లేదా అని మాత్రం చూసి చెబుతుంది. అచ్చిబాబు దాన్ని నియమం మొదట్లో పెట్టాడు. రెండు చీటీలూ ఖాళీ అయితే సమానం. ఒకటే ఖాళీ అయితే సమానం కాదు. రెండిట్లోనూ మనుషులుంటేనే బతాకా మాట. మొత్తం రెండు లైన్లు. మిగతా మూడువందల పన్నెండు చోట్లా ఒక్క అక్షరం కూడా ముట్టుకోనక్కర్లేకుండా తమంతట తామే కుదుటపడ్డాయి.

ఈసారి నడిపి చూశాడు. ఖాళీతో, నిండుతో, రెండూ ఖాళీలతో, తనని తనతోనే పోలుస్తూ నడిపాడు. నలభయ్యోసారికి సత్యదుర్గ వచ్చి ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టింది.

“పనిచేస్తందా?”

“నలభైసార్లు చేసింది.”

“నలభైసార్లు చేసింది నలభయ్యొకటోసారి మీ మీద కక్ష కడతదేంటండీ? లేచి అన్నం తినండి.”

ఆదివారం పిల్లాడి పంతొమ్మిదో రోజు. వాణ్ణి డాక్టరుకి చూపించాల్సిన రోజు కూడా. అచ్చిబాబు వాణ్ణి అదే క్లినిక్కుకి తీసుకెళ్దామన్నాడు. ఇంతకంటే కొత్త పురిటిబిడ్డ ఎక్కడ దొరుకుతాడు? సత్యదుర్గ బిడ్డని ఎత్తుకుని కౌంటరు ముందు నిలబడింది. ఒక పక్క హమ్దీ, అతని వెనక ఇఖామా కాగితాలున్న ఫైలు పట్టుకుని మాబు. లోపలినుంచి డాక్టరమ్మ కబురు పంపింది. నాకు చూసే తీరిక లేదు, జులేఖా ఎలా చెబితే అలా అని.

కౌంటరు వెనక జులేఖా, నల్లటి తలగుడ్డ, ఇనుపరంగు కళ్లజోడు, అచ్చిబాబుని కిందినుంచి పైదాకా చూసింది.

“మాయమయ్యే అన్న మీరేనా?”

“ఆయ్, నేనేనండి.”

జులేఖా సత్యదుర్గ పాత ఫైలు నంబరు కొట్టింది. బిడ్డ అన్నచోట నొక్కింది. అచ్చిబాబు కళ్లు మూసుకున్నాడు. ఏ చప్పుడూ రాకపోయేసరికి తెరిచాడు. తెర అక్కడే ఉంది. ‘ఈ తల్లి ఫైల్లో బిడ్డ నమోదు కాలేదు. కొత్త ఫైలు తెరవాలా?’ అని అడుగుతోంది.

“యా సలాం,” అన్నాడు హమ్దీ మెచ్చుకుంటూ.

జులేఖా తెరవమంది. పుట్టిన తేదీ కొట్టింది, బరువు కొట్టింది. “పేరు?”

సత్యదుర్గ బిడ్డని ఇంకో భుజానికి మార్చుకుంది.

“పేరు ఇంకా పెట్టలేదండి,” అంది సత్యదుర్గ. “ఎల్లుండి ఇరవై ఒకటో రోజు.”

జులేఖా పేరు ఖాళీగా వదిలేసి మీట నొక్కింది. తెర మీద ఎర్ర అక్షరాలొచ్చాయి. ‘పేరు ఖాళీగా ఉంది. పేరు లేకుండా ఫైలు తెరవడం కుదరదు.’ ఆ మాటలు జనవరిలో అచ్చిబాబు రాసినవే. పేరు లేని మనిషి ఎవడుంటాడని అప్పుడు అతని ధీమా.

హమ్దీ మెడ ముందుకు సాచాడు. “అచ్చీ, నీ కొడుకు పేరేంటి?”

“లేదు సర్.”

“నీ కొడుక్కి పేరు లేదా?”

“ఇంకా లేదు సర్. మంగళవారం వస్తుంది.”

“ఎక్కడినుంచి వస్తుంది?”

“అంబాజీపేట నుంచి సర్. ఫోనులో.”

హమ్దీ కాసేపు ఆ సమాచారాన్ని నమిలాడు. “ఇప్పటికి ఏదో ఒక పేరు చెప్పు. యల్లా, తొందరగా.”

అచ్చిబాబు భార్యకేసి తిరిగాడు. హమ్దీ మాట అనువదించాల్సిన పని లేకపోయింది.

“రెండ్రోజులు ఆగలేక ఏదో ఒక పేరంటించేస్తారా బిడ్డకి?” అంది సత్యదుర్గ, గొంతు పెంచకుండా. “కాగితం పోతే పోనివ్వండి. ముమ్మిడివరం వెళ్లి అక్కడే పెట్టుకుంటాం పేరు.”

అచ్చిబాబుకి ఒక చెవిలో ఇఖామా, ఒక చెవిలో ఇరవై ఒకటో రోజు. మాబు తన చేతిలో ఫైలుని వెనక్కి దాచుకున్నాడు, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.

జులేఖా ఖాళీగా మళ్లీ ఒకసారి నొక్కింది. మళ్లీ అవే ఎర్ర అక్షరాలు. మూడోసారి నొక్కింది. మళ్లీ అవే. కుర్చీలో వెనక్కి వాలింది.

“మాబన్నా, ఇది సూడు. మొన్నటి దంకా అడిగితే సచ్చేది. ఇప్పుడు మూడు తూర్లు నొక్కినా సావలా. ఏం ల్యాదో అదే చెప్తాండాది. మా మేడం అడిగింది ఇదే గదా?”

అని, పేరు ఉండాల్సిన చోట ‘సత్యదుర్గ బిడ్డ’ అని కొట్టింది. పురుడు పోసిన ఆసుపత్రిలో బిడ్డ మణికట్టుకి కట్టిన పట్టీ మీద ఉన్న మాట అదే. ఆ పట్టీ చూసే కొట్టింది. సత్యదుర్గ ఆలోచించి తలూపింది. అది పేరు కాదు కాబట్టి అభ్యంతరం లేదంది. లైబ్రరీకి మాత్రం అది పేరే. ఫైలు తెరుచుకుంది, కార్డు బయటికొచ్చింది.

జులేఖా హమ్దీ వైపు తిరిగి అరబ్బీలో ఒకే మాట అంది. “జైన్.” బాగుందని.

హమ్దీ కౌంటరు మీదే సంతకం పెట్టాడు. ఇఖామా మరో రెండేళ్లకి కుదిరింది. మాబు సిరా ఆరేదాకా కాగితాన్ని ఊపాడు. సత్యదుర్గ పక్కకి తిరిగి పైటతో కళ్లు తుడుచుకుని, పిల్లాడి కళ్లు తుడుస్తున్నట్టు నటించింది.

మంగళవారం ఫోను వచ్చింది. అటు పెద్దలు ఎవరి మాటా పోనివ్వలేదు గనుక పేరు వెంకటసత్యనారాయణ అయింది. అచ్చిబాబు ఆ వారంలోనే, ఫైల్లో పేరు మార్చుకునే వీలు లైబ్రరీలో రాసి, వందసార్లు నడిపి చూసి, మాబు చేత క్లినిక్కుకి పంపాడు. జులేఖా దాన్ని ఎక్కించుకోలేదు.

“పనిచేస్తాండేదాన్ని కదిలీబాకు అన్నా,” అని పంపేసింది.

అందుకని ఆ పిల్లాడికి రెండేళ్లు నిండాక కూడా, ఆ క్లినిక్కులో “సత్యదుర్గ బిడ్డ” అని పిలుస్తారు. వాడు కుర్చీ దిగి, తండ్రి వేలు విడిపించుకుని, తనే నడిచి లోపలికి వెళ్తాడు.